గాయపడినవాని ప్రక్కన కూర్చున్నవాడు
దీనబంధు సి. ఎఫ్. ఆండ్రూస్ జీవితము

హౌరాలో బయలుదేరి మద్రాసు వైపు సాగిపోవు రైలుబండి దాదాపు రెండు గంటల ప్రయాణము తరువాత ఖరగ్‌పూరు స్టేషనులో ఆగును. ఆ స్టేషను ప్లాట్‌ఫారము ఒక కిలోమీటరునకు మించిన పొడవు గలది. 2013లో గోరఖ్‌పూరు దానిని మించువరకు ప్రపంచములోకెల్ల పొడవైన ప్లాట్‌ఫారము అదియేనని మన పిల్లలు చదువుకొనిరి. బెంగాలు దేశములో దిగితినని తలంచిన తెలుగు ప్రయాణికునికి అక్కడ ఒక ఆశ్చర్యము ఎదురగును. గోల్‌బజారులోను, మథురాకాఠిలోను, నీమ్‌పురాలోను నాలుగడుగులు వేసినంతలో తెలుగు మాట చెవిని పడును. పరాయి నేలమీద మాతృభాష వినబడినప్పుడు కలుగు సంతోషము అనుభవించినవారికే తెలియును.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఒక ప్రక్క హౌరాను, మరియొక ప్రక్క నాగపూరును, దక్షిణమున వాల్తేరును ఇనుప పట్టాలతో కలిపెను. ఖరగ్‌పూరు ఆ పట్టాల కూడలి. 20వ శతాబ్ది ఆరంభమున అక్కడ గొప్ప కర్మాగారము వెలసెను. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి మనవారు మూటాముల్లె కట్టుకొని ఆ రైలుమీదనే వెళ్లి, ఆ కర్మాగారములో పనికి కుదిరిరి. కమ్మరము, వడ్రంగము, ఫిట్టరు పని, బొగ్గు మోయుట, పట్టాలు సరిచేయుట వంటి కష్టమైన పనులలో వారి చేతులు అరిగిపోయెను. వారితో కూడ మన తెలుగు క్రైస్తవ కుటుంబములును వెళ్లెను. పెట్టె అడుగున వేదగ్రంథమును పదిలముగా పెట్టుకొని పోయిన వారి మనుమలు నేటికిని అక్కడ తెలుగు కీర్తనలు పాడుచున్నారు.

అయితే ఆ కాలపు రైలు పట్టణములో దేవుడు చేయని హద్దులను మనుష్యులు గీసిరి. పెద్ద ఉద్యోగములు యూరోపియనులవి. మెయిలుబండి నడుపుట, గార్డు పని మొదలైనవి చిరకాలము వారికిని ఆంగ్లో ఇండియనులకును దక్కుచుండెను. జీతములో భేదము, ఇంటిలో భేదము, సాయంకాలము సేదతీరు చోటులోను భేదము. ఒకే ఇంజనును బాగుచేసిన ఇరువురిలో ఒకడు చర్మపు రంగునుబట్టి దొర, మరియొకడు కూలీ. ఈ బాధకు తోడు బ్రతుకు తెరువు కష్టములును కలిసి 1927లో ఖరగ్‌పూరులో పెద్ద సమ్మె జరిగెను. అదే సంవత్సరము కర్మాగారములో లాకౌటును సంభవించెను. ఆ కార్మికుల నాయకుడు మన తెలుగువాడైన వరాహగిరి వేంకటగిరి. తరువాతి కాలమున, అనగా 1969లో, ఆయన భారత రాష్ట్రపతి ఆయెను.

గిరిగారు 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షుడు. ఆ దశాబ్దిలోనే ఆ పీఠమునకు ఎన్నుకొనబడిన మరియొకడు తెలుగువాడు కాడు, భారతీయుడును కాడు. ఆయన తెల్లదొరల జాతిలో పుట్టిన ఆంగ్లేయుడు, క్రైస్తవ గురువు. తన చర్మపు రంగుచేత ఎన్నడును ఏ బండినుండియు దింపబడవలసిన అవసరము లేని మనుష్యుడు. ఏలువారి కులములో పుట్టినవానిని అణగినవారు తమ పెద్దగా ఎట్లు ఎంచుకొనిరి? ఈ ప్రశ్నకు జవాబు ఛార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్ జీవితములో దొరకును.

ఇది వారి కథ మాత్రమే కాదు, మన అక్కరయును. అవమానము పొందినవాడు తన బాధ చెప్పుకొనునప్పుడు, దానిని ఎన్నడును పొందనివాడు ఏమి చేయవలెను? కొందరు అది తమకు సంబంధింపని మాటయని తొలగిపోవుదురు. కొందరు తామే ముందుకు దూకి, బాధపడినవానికంటె బిగ్గరగా మాటలాడుదురు. యోబు స్నేహితులను జ్ఞాపకము చేసికొనుడి. ఏడు దినములు వారు నేలమీద మౌనముగా అతని ప్రక్కన కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి అతని బాధకు తామే అర్థము చెప్ప మొదలుపెట్టిన గడియలో వారి స్నేహము చెడెను.

గర్వముతో వచ్చిన యువకుడు

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణములో జన్మించెను. తండ్రి ఒక చిన్న సంఘములో దైవసేవకుడు. కుటుంబము బర్మింగ్‌హాములో స్థిరపడగా బాలుడు అక్కడనే చదువుకొనెను. తరువాత కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలో పట్టము పొంది, ఆంగ్లికన్ సంఘములో అభిషిక్తుడై, దక్షిణ లండనులోని బీదల పేటలో పరిచర్య చేసెను. దరిద్రుని ఇంటిలో కూర్చుండుట ఆయన అక్కడ నేర్చెను. 1904 మార్చి 20న భారతదేశమున అడుగు పెట్టెను. కేంబ్రిడ్జి మిషనుపక్షముగా ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడాయెను. ఆ మార్చి 20ని తన రెండవ జన్మదినముగా ఆయన ఎంచుకొనెను.

అయితే ఆయన మొదటినుండియు పరిశుద్ధుడుగా వచ్చెనని మనము అనుకొనరాదు. తన దేశపు సామ్రాజ్యము లోకమునకు మేలే చేయుచున్నదను నమ్మకముతోనే ఆ యువకుడు ఓడ దిగెను. ఆ సంగతిని తరువాత తానే ఒప్పుకొనెను. ఆయన కన్నులు తెరిపించినది ఒక మిత్రుడు. అదే కళాశాలలో సుశీల్ కుమార్ రుద్ర అను బెంగాలీ క్రైస్తవుడు బహుకాలముగా బోధించుచుండెను. ఆండ్రూస్ ఆయన ఇంటికి పోయి, ఆయన బల్లయొద్ద భుజించి, ఆయన పిల్లలతో ఆడుకొని, దొరల నడుమ భారతీయుడు దినదినము మ్రింగు చేదు ఎట్టిదో ఆయన నోటనే విని తెలిసికొనెను. పుస్తకములలో దొరకని పాఠము అది. వృద్ధ పండితుడైన మున్షీ జకావుల్లాయు ఆయనకు ఢిల్లీలో ఆప్తుడాయెను. ఆ ముస్లిము పెద్ద జీవిత చరిత్రను ఆండ్రూస్ తరువాత గ్రంథముగా వ్రాసెను.

1906లో ఆయన సనావరు కొండమీద తాత్కాలికముగా పనిచేయుచుండగా, చదువుకొన్న భారతీయులను అవమానించుచు ఒక ఆంగ్ల పత్రికలో జాబు వెలువడెను. ఆండ్రూస్ ఊరకుండలేదు. అదే పత్రికకు తన పేరుతో దానిని ఖండించుచు వ్రాసెను. ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. భారతీయులకు ధైర్యము చెప్పుటకు ఆయన బయలుదేరలేదు. తప్పు చేసినది తన జాతి. కావున తన జాతివారు చదువు పత్రికలో, తన జాతివారితోనే వాదించెను. ఆ జాబు చదివిన లాలా లజపతిరాయ్ ఆయనతో పరిచయము చేసికొనెను.

మిత్రుని కొరకు విడిచిన పీఠము

ఆ సంవత్సరమే పరీక్ష వచ్చెను. సెయింట్ స్టీఫెన్స్ ప్రిన్సిపాలు పదవి ఖాళీ ఆయెను. అంతవరకు ఆ కుర్చీలో కూర్చున్నవారందరు ఆంగ్లేయులు. సహజముగా పెద్దల చూపు ఆండ్రూస్‌మీద పడెను. అయితే రుద్ర అనుభవమునందును వయస్సునందును ఆయనకంటె పెద్దవాడు. రుద్ర భారతీయుడన్న ఒక్క కారణము తప్ప ఆయనను దాటిపోవుటకు మరి ఏ హేతువును లేదు. భారతీయుడు ప్రిన్సిపాలు అయినయెడల క్రమశిక్షణ సడలునేమోయని, తలిదండ్రులకు నమ్మకము తగ్గునేమోయని మిషను పెద్దలలో కొందరు సంకోచించిరి.

ఆండ్రూస్ ఆ పదవిని నిరాకరించి, రుద్రనే నియమింపవలెనని పట్టుబట్టెను. లేనియెడల తాను కళాశాలలో నిలువనని స్పష్టముగా తెలియజేసెను. తుదకు రుద్ర ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాలు ఆయెను. 1923 వరకు ఆయన ఆ కళాశాలను ఘనముగా నడిపెను. ఆండ్రూస్ ఆయన క్రింద సంతోషముతో పనిచేసెను.

ప్రియ చదువరీ, జాతి భేదము పాపమని ప్రసంగించుట సులువు. ఆ భేదము వలన తన ఒడిలో పడిన ఫలమును తిరిగి ఇచ్చివేయుట కష్టము. ఆండ్రూస్ మాటలను భారతీయులు తరువాత నమ్మిరన్నచో, ఆ నమ్మకమునకు పునాది ఢిల్లీలోని ఖాళీ కుర్చీ దగ్గర పడినది.

డర్బను రేవులో

1860లో మద్రాసునుండి ఓడ ఎక్కిన మొదటి ఒప్పంద కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలులో దిగిరి. అప్పటినుండి 1911 వరకు లక్షన్నరమందికి పైగా భారతీయులు చెరకుతోటలకు తరలింపబడిరి. వారిలో తమిళులతో కూడ వేలాది తెలుగువారును ఉండిరి. ఒప్పందము తీరిన తరువాతను అక్కడ నివసింపగోరినవారిమీద సంవత్సరమునకు 3 పౌనుల పన్ను మోపబడెను. బీద కూలీకి అది మోయరాని కాడి. 1913లో గాంధీజీ నాయకత్వమున వేలాది కూలీలు పని మాని, చెరసాలలకు వెళ్లిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి.

గోఖలే కోరికమీద ఆండ్రూస్, ఆయన మిత్రుడు విలియం పియర్సన్ ఓడనెక్కి, 1914 జనవరి తొలి దినములలో డర్బను రేవులో దిగిరి. ఎదుర్కొనవచ్చినవారిలో గాంధీ ఎవరని ఆండ్రూస్ అడిగెను. తల గొరిగించుకొని, కూలీల ముతక బట్టలు ధరించి నిలిచిన ఒక బక్కపలుచని మనుష్యుని చూపిరి. ఆండ్రూస్ వంగి ఆయన పాదములను ముట్టెను. రేవులో నిలిచిన తెల్లవారు నివ్వెరపోయిరి. తెల్లవాడు నల్లవాని పాదములు ముట్టుట ఆ దేశములో ఊహకందని కార్యము. కొందరు ఆయనను గద్దించుటకును వచ్చిరి. అయితే శిష్యుల పాదములను కడిగిన ప్రభువును వెంబడించువానికి అది సిగ్గుపడవలసిన కార్యమా?

ఆ నెలలో ఆయన చేసిన పని ముఖ్యముగా మధ్యవర్తి పని. జనరల్ స్మట్స్ గదిలోనికి ఆంగ్లేయ గురువు సులువుగా ప్రవేశింపగలడు. ఆ తలుపు భారతీయునికి అంత సులువుగా తెరువబడదు. ఆండ్రూస్ ఆ సౌకర్యమును తన గొప్పకు వాడుకొనలేదు. గాంధీజీ తలంపును లోపలికి కొనిపోయి, స్మట్స్ తలంపును వెలుపలికి తెచ్చెను. ఆ సమయముననే అక్కడి తెల్ల రైలు కార్మికులు సమ్మె చేసి ప్రభుత్వమును ఇరుకున పెట్టిరి. ప్రత్యర్థి కష్టమును తమ లాభముగా చేసికొనరాదని గాంధీజీ తన యాత్రను నిలుపుదల చేసెను. చివరకు ఒడంబడిక కుదిరెను. ఆ సంవత్సరము చేయబడిన చట్టముచేత 3 పౌనుల పన్ను రద్దాయెను. తన తల్లి మరణవార్తను ఆండ్రూస్ ఆ దేశములోనే వినెను. అక్కడి భారతీయ స్త్రీలు ఆయనను కన్నకొడుకువలె ఓదార్చిరి. ఓదార్చుటకు వెళ్లినవాడే ఓదార్పు పొందెను.

ఫిజీ దీవుల కూలీ లైనులు

తిరిగి వచ్చిన పిమ్మట ఆండ్రూస్ మిషను ఉద్యోగమును విడిచి, రవీంద్రనాథ్ ఠాగూరు నెలకొల్పిన శాంతినికేతనములో నివాసమేర్పరచుకొనెను. 1915లో కలరా సోకి మరణద్వారము వరకు పోయి వచ్చెను. బలహీనుడై పడియున్న దినములలో, నేటాలులో తాను చూచిన ఒక కూలీ ముఖము ఆయన మనోనేత్రము ఎదుట నిలిచెను. తోట యజమాని హింసకు తాళలేక పారిపోయి వచ్చిన దీనుడతడు. చూచుచుండగా ఆ ముఖము క్రీస్తు ముఖముగా మారినట్లు ఆయనకు తోచెను. ఇక ఆయన నిలువలేకపోయెను. ఆ సంవత్సరాంతమునకు పియర్సనుతో కలిసి ఫిజీ దీవులకు చేరెను.

1879 మొదలుకొని 1916 వరకు 60,000 మందికి పైగా భారతీయులు ఫిజీకి కొనిపోబడిరి. 1903 నుండి మద్రాసు రేవునుండియు ఓడలు బయలుదేరెను. తెలుగు జిల్లాలవారు ఆ ఓడలలో వెళ్లిరి. ఒప్పందము 5 సంవత్సరములు. 100 మంది పురుషులకు 40 మంది స్త్రీల చొప్పున పంపుట నియమము. ఇరుకైన కూలీ లైనులలో కుటుంబ జీవితము నలిగిపోయెను. కొలిచి ఇచ్చిన పనిని ముగింపనివానికి శిక్ష. ఆత్మహత్యలు అనేకము. ఆండ్రూసును పియర్సనును ఆ లైనులలోనికి నడచిపోయి, కూలీలతో కూర్చుండి, వారి మాటలను వినిరి. 1916లో ప్రకటింపబడిన వారి నివేదిక దేశమును కుదిపివేసెను. ఆ సంవత్సరము మార్చిలో వైస్రాయి లార్డ్ హార్డింజి ఈ పద్ధతిని తొలగింతుమని శాసనసభలో ఒప్పుకొనెను. 1917లో కూలీలను చేర్చుకొనుట ఆగెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందములన్నియు రద్దుచేయబడెను.

ఈ జయము ఒక్క ఆండ్రూస్‌దని చెప్పుట ఆయనకే ఇష్టముండదు. తమ గాయములను దాచుకొనక చెప్పిన కూలీలది మొదటి సాక్ష్యము. దేశమంతట సభలు జరిపిన స్త్రీ పురుషులది రెండవ సాక్ష్యము. ఆండ్రూస్ పని ఆ సాక్ష్యమును వినని చెవుల యొద్దకు మోసికొనిపోవుట. ప్రజలు ఆయనకు దీనబంధు అని పేరు పెట్టుకొనిరి.

చంపారనులో నేర్చిన పాఠము

ఇప్పుడు ఆయన జీవితములో నాకు మిక్కిలి విలువైనదిగా తోచు సంఘటన. 1917 ఏప్రిలులో బీహారులోని చంపారను జిల్లాలో నీలిమందు తోటల ఆంగ్లేయ యజమానులు రైతులను పీడించుచుండగా, గాంధీజీ విచారణ కొరకు అక్కడికి వెళ్లెను. ఆండ్రూసును అక్కడికి వచ్చెను. అప్పటికే ఆయన మరల ఫిజీకి పోవుటకు సిద్ధపడియుండెను. గాంధీజీతో పనిచేయుచున్న బీహారు న్యాయవాదులకు ఆయన రాకచేత గొప్ప ధైర్యము కలిగెను. తోటల యజమానులు తెల్లవారు, అధికారులును తెల్లవారు. మనపక్షమున ఒక తెల్లవాడు నిలిచినయెడల ఎంత మేలు! ఆయనను ఇక్కడనే ఉంచవలెనని వారు గాంధీజీని వేడుకొనిరి. ఆ బృందములో తరువాత మన మొదటి రాష్ట్రపతి అయిన రాజేంద్రప్రసాదు ఒకడు.

గాంధీజీ వారి హృదయమును చదివెను. మీరు ఆయనను కోరుట ఆయన ప్రేమను బట్టి కాదు, మీ భయమును బట్టియేనని వారికి తెలియజెప్పెను. ఈ పోరాటము న్యాయమైనదైతే రైతులును మీరును మీ కాళ్లమీద నిలిచి దానిని జరుపవలెను. ఆంగ్లేయుని నీడలో నిలిచి గెలిచినయెడల, ఆంగ్లేయుడు లేకయే మనము నిలువలేమను మాటను మనమే స్థిరపరచినవారమగుదుము. ఇది ఆయన బోధ. వారు సిగ్గుపడి ఒప్పుకొనిరి. ఆండ్రూసు నొచ్చుకొనలేదు. తన సహాయమును త్రోసివేసిరని తలంపలేదు. వెంటనే ప్రయాణమై ఫిజీకి వెళ్లిపోయెను. చంపారను రైతులు తమవారితోనే నిలిచి తమ న్యాయమును పొందిరి.

సహాయము చేయగోరువారికి ఇంతకంటె కఠినమైన పాఠము మరియొకటి లేదు. వచ్చుట ప్రేమయే. తాను నిలుచుట ఎదుటివానిని బలహీనుని చేయునప్పుడు తొలగిపోవుటయు ప్రేమయే. బాప్తిస్మమిచ్చు యోహాను ఈ మర్మమును ఎరిగినవాడు. తాను తగ్గుటలో అతనికి సంతోషము కలిగెను.

కొరడాలు, గడ్డము, క్షమాపణ

1919లో పంజాబులో జలియన్‌వాలాబాగు ఘోరము జరిగెను. సైనిక శాసనము క్రింద గ్రామస్థులు బహిరంగముగా కొరడాలతో కొట్టబడిరి. ఆండ్రూస్ అమృతసరము చేరగానే అధికారులు నిర్బంధించి వెనుకకు పంపిరి. ఆంక్షలు సడలిన పిమ్మట మరల వెళ్లి, ఊరూర తిరిగి, బాధితుల సాక్ష్యములను కూర్చుటలో తోడ్పడెను. అన్యాయముగా కొరడా దెబ్బలు తిన్న ఒక సిక్కు పెద్దను కలిసికొనినప్పుడు, ఆయన పాదములను ముట్టి, తన జాతివారు చేసిన తప్పునకు క్షమింపుమని వేడుకొనెను. కొట్టినది నేను కానుగదాయని ఆండ్రూస్ తప్పించుకొనలేదు. నెహెమ్యా తన పితరుల పాపమును తన పాపముగా ఒప్పుకొన్నట్లు ఆయనయు ఒప్పుకొనెను.

కెన్యాలో భారతీయులపక్షమున తిరుగుచున్న దినములలో ఆయన రైలులో ప్రయాణము చేయుచుండెను. నకూరు స్టేషనులో తెల్ల వలసదారులు కొందరు పెట్టెలో చొరబడి, ఆయన గడ్డము పట్టి ఈడ్చి కొట్టిరి. తెల్లవాడైయుండి నల్లవారి పక్షము వహించుటయే ఆయన నేరము. కొట్టినవారిని శిక్షింపజేయుటకు ఆయన ఇష్టపడలేదు. రైలుపెట్టెలో తెల్లవాడు దెబ్బతినుట ఆ కాలమున విపరీతము. అయినను తాను భారతీయుల బాధను పూర్తిగా ఎరిగితినని ఆయన చెప్పుకొనలేదు. ఆయన ఎప్పుడు తలచినను తన జాతివారిలో కలిసిపోయి సుఖముగా జీవింపగలడు. భారతీయునికి ఆ ద్వారము లేదు. ఈ భేదమును మరువనివాడే ఇతరుల బాధను గూర్చి మాటలాడుటకు తగినవాడు.

ఆయన మార్గము పూలబాట కాదు. ఆంగ్లేయులలో అనేకులు ఆయనను స్వజాతి ద్రోహి అనిరి. భారతీయులలో కొందరు ప్రభుత్వపు వేగులవాడేమోయని అనుమానించిరి. పాదిరులలో కొందరు ఆయన విశ్వాసమునే శంకించిరి. ఆయనలో లోపములును లేకపోలేదు. అందరి మాటను తొందరగా నమ్మెడివాడు. ఒక పని ముగియక ముందే మరియొక పనికి పరుగెత్తెడివాడు. అయినను తన మనస్సాక్షిని ఎవరికిని తాకట్టు పెట్టలేదు. 1921లో గాంధీజీ విదేశీ వస్త్రములను తగులబెట్టించినప్పుడు, అది ద్వేషమును రేపునని ఆయనకే వ్రాసెను. పక్షము వహించుటయనగా కన్నులు మూసికొనుట కాదని ఎరిగిన స్నేహితుడాయన.

మన ఇంటి వాకిట

ఆండ్రూస్ మనలను పొగడి ఊరకుండినయెడల మనకు హాయిగా నుండెడిది. ఆయన అట్లు చేయలేదు. నేటాలులో తెల్లవాడు మనకు చేయుచున్నదానిని, మన గ్రామములలో మనమే మన సహోదరులకు చేయుచున్నామని ఆయన నిర్భయముగా చెప్పెను. అంటరానితనమును రూపుమాపు పనికి మొదటి స్థానమియ్యవలెనని గాంధీజీని పలుమారులు బ్రతిమాలెను. తూర్పు ఆఫ్రికాలో భారతీయుల హక్కులను గూర్చి మాటలాడుచునే, ఆ నేల ఆఫ్రికనులదని, వారి మేలును త్రొక్కి మన మేలు కోరరాదని అక్కడి మనవారికి హెచ్చరించెను. అమెరికా వెళ్లినప్పుడు నల్లజాతివారి టస్కిగీ విద్యాలయమును దర్శించెను. ఆయన దృష్టిలో ఇవన్నియు ఒకే రోగమునకు వేరువేరు పేర్లు.

ఈ మాటను పట్టుకొని మనము మరల ఖరగ్‌పూరునకు వత్తము. అక్కడ దొర యెదుట కూలీ అనిపించుకొన్న తెలుగువాడు, సెలవులకు స్వగ్రామము వెళ్లినప్పుడు ఊరి నడుమ నివసించువాడై, ఊరి వెలుపల నివసించువానిని ఎట్లు చూచెను? అదే రైలులో వెళ్లిన మరియొక తెలుగువాడు ఊరి వెలుపలినుండియే బయలుదేరినవాడు. అతడు కర్మాగారములో దొరచేత ఒకమారును, తన భాష మాటలాడు పొరుగువానిచేత మరియొకమారును అవమానింపబడినయెడల, ఆ రెండవ గాయమును ఎవరితో చెప్పుకొనవలెను? ఒకే మనుష్యుడు ఒక వీధిలో గాయపడినవాడును, మరియొక వీధిలో గాయపరచినవాడును కాగలడు. ఈ సంగతి మన సంఘములకును వర్తించును. ప్రభురాత్రి భోజన సంస్కారమున ఒకే రొట్టెను విరుచువారు, వివాహ సంబంధముల మాట వచ్చినప్పుడు కులమును విచారించుట మనము ఎరుగని సంగతియా?

నేడు మన పట్టణములలో ఈశాన్య రాష్ట్రముల యువతీయువకులు ముఖకవళికలనుబట్టి ఎగతాళికి గురియగుచున్నారు. చదువు కొరకు వచ్చిన ఆఫ్రికా విద్యార్థులకు అద్దె ఇల్లు దొరకుట కష్టమగుచున్నది. మన పిల్లలే విదేశములకు వెళ్లి అట్టి చూపులను ఎదుర్కొని, ఫోనులో కన్నీరు కార్చుచున్నారు. ఒకచోట మనము బాధితులము, మరియొకచోట ఏమియు ఎరుగనివారము. ఎరుగనిచోట మనము ఎట్లు మెలగవలెనో ఆండ్రూస్ జీవితము నేర్పుచున్నది.

ఆయన మొదట మిత్రుని బల్లయొద్ద కూర్చుండి వినెను. తరువాత తన జాతివారితోనే మాటలాడెను. అన్యాయము వలన తనకు దక్కిన పదవిని విడిచెను. తాను చేయని తప్పునకును క్షమాపణ కోరెను. అక్కర తీరినప్పుడు తొలగిపోయెను. ఈ క్రమమును తారుమారు చేసినవాడు యోబు స్నేహితులలో ఒకడగును. ఫిలిప్పు ఐతియొపీయుని రథముదగ్గరకు పరుగెత్తెను గాని, రథమెక్కి కూర్చుండినది అతడు వేడుకొనిన తరువాతనే.

చివరి ప్రయాణము

ఒడలికి సరిపడని ధోవతి, చేతిలో నలిగిన కాగితముల మూట, ఎవరికో ఇచ్చివేసినందున కనబడని కోటు, ముఖమున తెల్లని గడ్డము. ఆండ్రూసును చూచినవారికి జ్ఞాపకముండిపోయిన రూపమిది. ఒరిస్సాలో వరదలు వచ్చినప్పుడు ఆయన బాధితుల సేవకు వెళ్లెను. హౌరానుండి ఒరిస్సాకును మద్రాసునకును పోవు దారి ఖరగ్‌పూరు మీదుగానే. ఆ పొడవైన ప్లాట్‌ఫారముమీద టీ అమ్మువాని కేక విన్న అసంఖ్యాకులైన ప్రయాణికులలో ఆయన ఒకడు.

1932లో తన ఆత్మీయ జీవితమును గూర్చి, క్రీస్తునకు తానెంత ఋణపడియున్నాడో తెలుపుచు ఒక గ్రంథము ప్రచురించెను. ఒకప్పుడు విడిచిన గురుత్వ సేవను 1936లో మరల చేపట్టెను. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో, శస్త్రచికిత్స తరువాత, ప్రభువునందు నిద్రించెను. మరణమునకు ముందు గాంధీజీ వచ్చి ఆయన మంచము ప్రక్కన కూర్చుండెను. ఆయన దేహము కలకత్తాలోని లోయర్ సర్క్యులర్ రోడ్డు సమాధుల తోటలో ఉంచబడెను. ఇల్లు లేదు, భార్యాబిడ్డలు లేరు, ధనము లేదు. అయితే నేటాలులోను, ఫిజీలోను, కెన్యాలోను, మన దేశమందును ఆయనను తమ ఇంటివానిగా తలంచినవారు వేలకొలది ఉండిరి.

కురేనీయుడైన సీమోను మోసిన సిలువ అతనిది కాదు. కొంతదూరము మోసి, కొండమీద దానిని ప్రభువునకే విడిచి, ప్రక్కకు తొలగెను. తన భుజముమీద ఆ మ్రాను బరువును అతడు జీవితాంతము మరువలేదని మనము నమ్మవచ్చును. మన సంఘములో, మన వీధిలో, మన పనిచోట ఎవరి భుజముమీద అట్టి బరువున్నదో ఈ సంవత్సరము మనము చూతుము గాక. వారి మాటను త్రుంచక వినుటకు చెవిని, మన చేతిలోని దానిని విడుచుటకు మనస్సును, తొలగవలసిన గడియను ఎరుగు వినయమును ప్రభువు మనకు దయచేయును గాక.